నా భయాలన్నీ దాని పాలయ్యాయి

మా తోడికోడలి కూతురి జీతం ఎంతో నాకు తెలియదు. ఎంతైనా మావాడి జీతం కంటే ఎక్కువే. నాకు ఆ పూట అన్నం సయించకపోవడానికి అది చాలు.

మావాడు ఒక బీమా కంపెనీలో టెస్టర్. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేసినా, అది జనం దగ్గరికి వెళ్ళేముందు మావాడూ, వాడిలాంటి మరికొందరూ కూర్చుని ఉత్తుత్తి కస్టమర్ల పేరుమీద పాలసీలు కడతారు, రద్దు చేస్తారు, ఆ కస్టమర్లను చంపి డబ్బు సరైనవాళ్ళకు వెళ్తోందో లేదో చూస్తారు. "ఇవాళ ఒక ముసలాయన్ని చంపానమ్మా" అని వాడు మొదటిసారి చెప్పినప్పుడు నా గుండె ఆగినంత పనయింది. తర్వాత అలవాటైపోయింది. అన్నం తింటూ వాడు చెబుతాడు, "అలా కాకుండా ఇలా అయితే?" అని నేను అడుగుతాను. ఆ "అయితే"లు నాకు పుట్టుకతో వచ్చాయి. బస్సు పావుగంట ఆలస్యమైతే నా మనసు ఆసుపత్రులన్నీ తిరిగి వస్తుంది.

అలాంటి ఆఫీసులో పిచ్చుక వచ్చి వాలింది. పిచ్చుక అంటే మా తోడికోడలి కూతురే. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చునేది కాదు, అందుకే ఇంట్లో అందరం అలా పిలుస్తాం. ఆటోమేషన్ పెట్టడానికి దాన్ని ఏరికోరి పిలిపించారట. మావాళ్ళు వారమంతా చేత్తో చేసే పరీక్షలను అది రాసిన ప్రోగ్రాం టీ తాగేలోపు చేసేస్తుందట. సరిగ్గా ఉన్నవి తెరమీద పచ్చగా, తేడా వచ్చినవి ఎర్రగా కనిపిస్తాయట. ఇది కుదిరితే నెలాఖరుకు చేతి టెస్టర్లలో కొందరినే ఉంచుతారట. ఎవరిని ఉంచాలో పిచ్చుకనే అడుగుతారట.

ఇవన్నీ మా తోడికోడలు ఫోన్ చేసి మరీ చెప్పింది. "మా పిల్ల ఉందిగా అక్కా, మీవాడికేం భయం?" అని చివర్లో ఒక చురక. నా ఒళ్ళు భగ్గుమంది. మావాడి ఉద్యోగం దాని కూతురి దయమీద నిలబడాలా?

ఆ సాయంత్రమే వాడికి చెప్పాను. "ఒరే, దానికి అన్నీ చెప్పేయకు. గట్టివి కొన్ని నీ దగ్గరే ఉంచుకో."

"అది నా చెల్లెలమ్మా."

"కాదన్నానా? రేపు ఆ ప్రోగ్రాం తెల్లమొహం వేసినప్పుడు నువ్వు చెబుదువుగాని. అప్పుడు తెలుస్తుంది నీ విలువ."

వాడు ఫోన్ తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆదివారం పిచ్చుక ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది, అన్నయ్య దగ్గర మిగతా పరీక్షలు అడిగి తెలుసుకోవడానికి. ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. నేను టీ పెట్టాను. దాని కప్పులో కావాలనే చక్కెర తగ్గించాను.

ఒక గుక్క తాగి, "నేను చక్కెర మానేస్తున్నానని నీకెలా తెలుసు పెద్దమ్మా? మా అమ్మకే గుర్తుండదు" అంది.

తెర పైనుంచి కిందదాకా పచ్చగా ఉంది. నాకు ఉసూరుమనిపించింది.

"ఇంకేమైనా ఉన్నాయా అన్నయ్యా?"

"ప్రస్తుతానికి ఇంతే" అన్నాడు మావాడు, నావైపు చూడకుండా.

నా మాట విన్నాడు! అప్పుడే నేను వంటింట్లోకి వెళ్ళిపోవలసింది. కానీ పిచ్చుక ల్యాప్‌టాప్‌ను దువ్వుతూ "నా బంగారు తల్లి! ఒక్కటీ వదల్లేదు" అంది. ఇన్నేళ్ళు చేతులు కాయలు కాసేలా పనిచేసిన నా కొడుకును ఆ ఆఫీసులో ఎవరైనా ఒక్కసారి బంగారు తండ్రీ అన్నారా?

"ఏం వదల్లేదు?" అన్నాను. "మొగుడి పాలసీకి పెళ్ళాం నామినీ, పెళ్ళాం పాలసీకి మొగుడు నామినీ. ఇద్దరూ ఒకే బండిమీద వెళ్తూ ఒకేసారి పోయారనుకో. అప్పుడేం చేస్తుంది నీ బంగారు తల్లి?"

"అమ్మా..." అన్నాడు మావాడు. ఆ గొంతులో బతిమాలుకోవడం ఉంది. నాకు వినబడితేగా!

పిచ్చుక టకటకా కొట్టింది. పచ్చటి వరసల కింద ఒక ఎర్రటి వరస పడింది.

నా కడుపు చల్లబడింది. "చూశావా, ఎలా చతికిలబడిందో!"

అది తలవంచుకుని ఏదో రాసుకుంది. ఓడిపోయింది కదా, తలెలా ఎత్తుతుందిలే అనుకున్నాను. ఇక నన్ను ఆపేదెవరు? నామినీ పసివాడై, వాడి సంరక్షకుడు ముందే పోతే? పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన పిల్ల నామినీ అయితే? డబ్బు కట్టిన రోజే మనిషి పోతే? పోయాడనుకున్నవాడు తిరిగొస్తే? కొన్ని పచ్చబడ్డాయి, చాలావరకు ఎర్రబడ్డాయి. ఎర్రబడ్డ ప్రతిసారీ నేను మావాడి వైపు గర్వంగా చూశాను. వాడు తల చేతుల్లో పెట్టుకున్నాడు.

చివరికి పిచ్చుక లేచి నన్ను వాటేసుకుంది. "పెద్దమ్మా, ఒక్క పూటలో ఇన్ని తప్పులా! మా మేనేజరు ఎగిరి గంతేస్తాడు!"

"ఎందుకు? నీ ప్రోగ్రాం ఓడిపోయిందిగా?"

"ఓడిపోవడమేంటి? తప్పులు కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోవి, మొన్నటి మార్పుతో వచ్చాయి. ఎర్రబడిందంటే నా ప్రోగ్రాం వాటిని పట్టుకున్నట్టు. ఇకమీదట రోజూ ఇవన్నీ అదే చూసుకుంటుంది."

అది వెళ్ళాక మావాడు మెల్లగా అన్నాడు. "దాచుకోమన్నావుగా. నేను దాచుకున్నవి అవేనమ్మా."

ఆ నెలంతా నాకు ముద్ద దిగలేదు. ఆఫీసులో మీటింగు పెట్టి ఆ ప్రోగ్రాం గురించి చప్పట్లు కొట్టారట. నేను భయపడితే చాదస్తం అంటారు. అవే భయాలు అది భయపడితే నాణ్యత అంటారు!

నెలాఖరున మావాడు ఇంటికి వచ్చి, బూట్లు విప్పుతూ చెప్పాడు. "నన్ను ఉంచారు. నా పక్క సీటాయన్ని ఉంచలేదు."

ఊపిరి పీల్చుకున్నాను. "ఎలా ఉంచారు?"

"ఏమేం పరీక్షించాలో ఆలోచించేవాడు కావాలని చెల్లి గట్టిగా చెప్పింది."

"ఎవరి కింద?"

"చెల్లి కిందే."

పీల్చుకున్న ఊపిరి మధ్యలోనే ఆగిపోయింది. అంతలో ఫోన్ మోగింది.

"చెప్పానుగా అక్కా, మా పిల్ల ఉందిగా!" అంది తోడికోడలు.

"అవునమ్మా, అంతా మీ చలవే" అన్నాను, పళ్ళు నూరుకుంటూ.

పిచ్చుక ఫోన్ లాక్కున్నట్టుంది. "పెద్దమ్మా, ఇంకేమైనా భయాలున్నాయా?"

"లేవు" అన్నాను. నా జన్మలో ఆ మాట అనడం అదే మొదలు.

నిజానికి ఒకటి ఉంది. కవలపిల్లలు. ఒకే పుట్టినరోజు, ఒకే ఇంటిపేరు, ఒకే చిరునామా. ఒకడు పోతే పొరపాటున రెండోవాడిని కూడా పోయినట్టు రాసేస్తే? దాన్ని మావాడి కోసం దాచాను. వాడికెప్పుడైనా అవసరం పడుతుందని.

అన్నానికి కూర్చున్నాం. నా కంచం ముందు ఆ రెండోవాడు వచ్చి నిలబడ్డాడు. పాపం, కౌంటరు దగ్గర చేతులు జోడించి, నేను బతికే ఉన్నానండీ అని మొత్తుకుంటున్నాడు. వినేవాళ్ళు లేరు. వాడికో తల్లి కూడా ఉండే ఉంటుంది.

"తినవేంటమ్మా?"

"పిచ్చుకకి ఫోన్ కలుపు" అన్నాను. వాడికి సంగతంతా చెప్పాను. "నువ్వే ఆలోచించినట్టు చెప్పు. నా ఊసెత్తావంటే ఊరుకోను."

వాడు ఎడమచేత్తో ఫోన్ కలిపాడు. "చెల్లీ, అమ్మకి ఇంకొకటి గుర్తొచ్చింది" అన్నాడు.