పెద్దకోడలి పన్నెండు

ఉప్పాడ చేపల బజారులో రేకుల నీడ కింద పాపాయమ్మకు ఉన్నది ఒక్కటే చోటు. కోడళ్లిద్దరూ చేపలమ్మేవాళ్లే. ఒకరికి నీడ దక్కితే ఇంకొకరికి ఎండే. ఎండలో పదింటికల్లా చేప మెత్తబడిపోతుంది. కొనేవాళ్లు మొప్పలెత్తి చూసి వెళ్లిపోతారు.

వాళ్ల తగువు పడలేక పాపాయమ్మ ప్రతి నెల మొదటి రోజున రెండు పాచికలు వేసేది. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. కోడళ్లు చెరో అంకె కోరుకోవాలి. రెండు పాచికల మొత్తం ఎవరి అంకెకు ముందు సరిపోతే ఆ నెల నీడ వాళ్లది.

ముందు కోరుకునేది పెద్దకోడలు లోవలక్ష్మి. పెద్దరికానికి తగ్గట్టు అన్నింట్లోకీ పెద్దదైన పన్నెండు కోరుకునేది. చిన్నకోడలు సూర్యకళ ఏడు తీసుకునేది. ఎనిమిది నెలల్లో ఏడు నెలలు నీడ సూర్యకళదే.

“దాని నుదుట అలా రాసుంది” అనేది లోవలక్ష్మి. తోడికోడలి తట్ట దగ్గర ఆగిన బేరాలు లెక్కపెడుతూ, తన దగ్గరికొచ్చినవాళ్లకు ధర చెప్పడం మరిచిపోయేది.

ఒక మధ్యాహ్నం లోవలక్ష్మి పాచికలు పట్టుకుని ఇసుకలో కూర్చుంది. పన్నెండుకు రెండూ ఆరే పడాలి. ఒక్కటే దారి. ఏడుకు ఆరూ ఒకటీ, ఐదూ రెండూ, నాలుగూ మూడూ. మూడే దారులనుకుంది. రంగులు తారుమారు చేసి చూస్తే అవే ఆరయ్యాయి.

అదృష్టమైతే దేవుణ్ని తిట్టుకోవచ్చు. ఇది ఆ సూర్యకళ తెలివి.

ఒకటో తారీఖున, “నాకు ఏడు” అంది.

“పెద్దదానివి, పన్నెండు వదిలేస్తావేంటే?” అంది పాపాయమ్మ.

“ఏడే అత్తా.”

“అయితే నాకు ఎనిమిది” అంది సూర్యకళ.

లోవలక్ష్మి వేళ్లు ముడిచి లెక్కేసింది. ఎనిమిదికి ఐదు దారులే. ఈసారి మొగ్గు తనవైపే.

ముందు నాలుగు పడింది. తర్వాత పది. మూడోసారి ఎర్రది ఆరు, తెల్లది రెండు. మొత్తం ఎనిమిది.

“నీకీ లెక్క ఎప్పట్నుంచి తెలుసే?” అంది లోవలక్ష్మి.

“మొదటి నెల నుంచేనక్కా. ఏడు కోరుకోమని నీకే చెప్పాను. చిన్నంకె నాకంటగడతావేంటే అన్నావు.”

అన్న మాట గుర్తుంది. లోవలక్ష్మి తట్ట ఎత్తుకుని ఎండలోకి నడిచింది. తోడికోడలు గెలిచినందుకు కాదు, చెప్పి మరీ గెలిచినందుకు ఆ మొహం చూడలేకపోయింది.

కూర్చున్నాక మాత్రం కళ్లు నీడవైపే పోయాయి. అక్కడ ఆగిన మొదటి బేరాన్ని లెక్కపెట్టింది.