కీర్తన వినఁబడని సంధ్య

శ్రావణమేఘములు గౌతమీతీరమును గప్పి పగటికిని రేయికిని గల హద్దును జెఱిపివేయ, లంకలోని కొబ్బరితోఁటలు తడిసి వంగి నీరు గార్చుచుండ, పశువులు కొట్టములు సేర, ప్రతి యింటి కప్పునుండియుఁ బొగలు వెడలుచుండిన యా సంధ్యవేళ నొక్క యింట మాత్రము పొగ లేదు.

అది రాహేలమ్మ యిల్లు. లంక యంతటికిని క్రీస్తును నమ్మిన ప్రాణి యామె యొక్కతియే. బాప్తిస్మము పొందిన నాఁడు బంధువులు మొగము ద్రిప్పుకొనిరి. పెనిమిటి పోయిన పిదపఁ బలుకరించు దిక్కును లేకపోయెను. గోడకావల నుండు తోఁబుట్టిన యన్న సూరప్ప, "నీ గడప తొక్కితే నామీద ఒట్టు" అని నలుగురిలోఁ బలికి యేండ్లుగా నా మాట తప్పలేదు. అయినను దీపము వెట్టు వేళ నామె గొంతెత్తి కీర్తన పాడుట మానలేదు. "అదిగో, మొదలెట్టింది" అని యాతఁడు విసుగుకొనుటయు మానలేదు.

ఇపుడు చలిజ్వర మామెను మంచమునకు గట్టివైచెను. కుండలో నీటిచుక్క లేదు. చేరెఁడు నీళ్లిచ్చు చేయి లేనిచోఁ దెల్లవాఱదని యామెకుఁ దెలిసెను. చావునకు వెఱవలేదు గాని తాను జచ్చిన సంగతి వాసన తెలుపువఱకు నెవ్వరు నెఱుఁగరను తలంపు గుండెను బిండివేసెను. నన్నుఁ గాచు ప్రభువు ఈ వానలో లంకత్రోవ మఱచెనా యని యేడ్చెను. కీర్తన నెత్తుకొనఁబోయెను. గొంతు పెగలలేదు.

కొంతసేపటికిఁ దడక తలుపు కదలెను. గోనెపట్ట కప్పుకొని సూరప్ప వాకిట నిలిచియుండెను.

"ఏమే నాంచారీ, పాట లేదేంటి?"

అది యామె పాతపేరు. క్రొత్తపేరు ఆతని నోట నెన్నఁడును రాలేదు. ఆతఁడు వంగి లోనికిఁ జూచి, ఒట్టు తీసి గట్టునఁ బెట్టి గడప దాఁటి, నొసట చేయి వైచి, పరుగునఁ బోయి తన యింటి చెంబుతో నీళ్లు దెచ్చి తల యెత్తిపట్టి త్రాగించెను.

"నీకెవరు చెప్పారన్నయ్యా?"

"ఒకళ్లు చెప్పాలా? రోజూ నీ పాటయ్యాకే గదా నేను కంచం ముందు కూర్చునేది. ఇవాళ చీకటి పడుతున్నా పాట లేదు. ముద్ద దిగలేదు."

తన భార్యచేతఁ గంజి కాయించి తెప్పించి, చుట్ట ముట్టించి యాతఁ డరుగుపైఁ గూర్చుండెను. ఇంటి ముంగిట నయినవాని దగ్గు వినవచ్చుచుండ, రాహేలమ్మ ప్రార్థన మొదలిడి ముగింపకయే నిద్రవోయెను. ఆ లోపమును ప్రభువు తప్పుపట్టియుండఁడు.