గడప మీద సేరు

పద్మావతమ్మ ఇంట్లో బియ్యపు గింజకున్న మర్యాద మనుషులకు లేదు. ముందు బియ్యం అంగడి, వెనక ఇల్లు. సిరుగుప్ప నుంచి వచ్చిన మూటలు దించేటప్పుడు హమాలీలు రాల్చిన గింజల్ని కూడా ఆమె వంగి ఏరి, కళ్ళకద్దుకుని చాటలో వేసేది. కోడలు విజయమ్మ పొరపాటున ఒక గింజ తొక్కిందంటే ఆ పూటంతా ఇంట్లో అదే కచేరీ.

అలాంటి ఇంట్లో పుట్టాడు మనవడు పంపాపతి. మూడేళ్ళు నిండినా మాట లేదు, పిలిస్తే పలకడు, ఎవరి మొహమూ చూడడు. వాడికి లోకంలో నచ్చింది ఒక్కటే, బియ్యంలో కాళ్ళు పెట్టి తోయడం. అది కంటబడితే చాలు, పద్మావతమ్మ రెక్క పట్టి లాగేసేది. వాడు ఒళ్ళు బిగబట్టి కీచుమని ఏడ్చేవాడు. ఆమె కోపం బియ్యం గురించే అని ఇంటిల్లిపాదీ అనుకునేవారు. కడుపులో రగిలేది వేరు. వీధిలో సగం మంది పసిపిల్లలకు కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసిన మనిషి ఆమె. సొంత మనవడు మాత్రం అవ్వ మొహం వంక ఒక్కసారైనా చూడలేదు. తాను పోయేలోపు చూస్తాడా అన్నదే ఆమె దిగులు.

కంటోన్మెంట్‌లో పిల్లల డాక్టరమ్మ ఉందని విని విజయమ్మ వాణ్ణి తీసుకెళ్ళింది. ఆ డాక్టరమ్మ దీన్ని ఆటిజం అంటారని చెప్పి, మందు రాయకుండా ఆట నేర్పి పంపింది. వాడికి ఏది ఇష్టమో అదే వాడితో కలిసి ఆడాలట. ఆట మంచి పట్టులో ఉండగా ఆపి, ఏమీ అనకుండా కాచుకోవాలట. ఇంకా కావాలని వాడే ఏదో విధంగా అడుగుతాడట, ఒక్క చూపుతోనైనా. ఆడుకోమని చెప్పి పంపే డాక్టరును పద్మావతమ్మ ఎక్కడా చూడలేదు.

మర్నాడు ఆమె పూజ ముగించి వచ్చేసరికి వసారాలో బియ్యం పరిచి ఉంది. పంపాపతి పక్కన కోడలు కూర్చుని, వాడిలాగే కాళ్ళతో గింజలు తోస్తోంది.

"లక్ష్మిని తొక్కుతాండావా, విజయా?"

విజయమ్మ లేవలేదు. కాపురానికి వచ్చాక అత్తకు ఎదురు చెప్పింది అప్పుడే.

"వాడు మన తావుకి రాలేడంట అత్తా. మనమే వాడుండే తావుకి పోవల్లంట. మీరు తిట్టినా సరే, నేను పోతాండా."

పద్మావతమ్మ పెరట్లోకి పోయి కూర్చుంది. కోడలి పాదాలే కళ్ళ ముందు మెదిలాయి. పెళ్ళినాడు, పసుపు ఆరని ఆ పాదాలే గడప మీది బియ్యపు సేరును తన్ని ఇంట్లోకి వచ్చాయి. ఆ సేరు నింపి పెట్టింది తనే. జంకుతూ నిలబడిపోయిన పిల్లకు ధైర్యం చెప్పి తన్నించిందీ తనే. ఆ బియ్యం ఒలికినందుకు ఆ రోజు చుట్టాలంతా సంబరపడ్డారు. ఎవరూ తప్పనలేదు.

ఆమె లేచింది. అటక మీది ఇత్తడి సేరు దించి, చింతపండుతో తోమి, బియ్యం పోసి గడప మీద పెట్టింది. తాను లోపలి వైపు చతికిలబడింది. వసారాలోంచి పంపాపతి వచ్చి సేరును చూశాడు. తన్నాడు. గింజలు జలజలా ఒలికిన చప్పుడుకు కిలకిలా నవ్వాడు. ఆమె నింపి పెట్టింది, వాడు తన్నాడు. నడుము పట్టేసినా ఆమె నింపుతూనే ఉంది.

తర్వాత, నింపిన సేరును ఒళ్ళో పెట్టుకుని ఆగింది. వాడి పేరు నాలుక చివరకొచ్చింది. పళ్ళు బిగబట్టుకుంది. ఆమె జన్మలో అంతసేపు నోరు మూసుకుని ఎరుగదు.

వాడు ఖాళీ గడపను చూశాడు. సేరును చూశాడు. దాన్ని పట్టుకున్న చేతులు చూశాడు. మెల్లగా తలెత్తి అవ్వ మొహంలోకి చూశాడు, చూస్తూ నిలబడ్డాడు.

పద్మావతమ్మకు కళ్ళు మసకబారాయి. సేరును గడప మీద పెట్టి, ఆనాడు కొత్త కోడలితో చెప్పిన మాటే వాడికీ చెప్పింది.

"భయం లేదప్పా. కుడికాలితో తన్ని లోపలికి రా."