పదీ ఇరవైకి ఎక్కి పదీ ముప్పై అయిదుకి దిగడం

టికెట్ చదివి రాన్వైగ్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. తన ఊరు బెర్గెన్‌లో బయలుదేరేది పదీ ఇరవైకి. పొరుగు దేశంలోని అబర్డీన్‌లో దిగేది పదీ ముప్పై అయిదుకి. మధ్యలో ఉన్నది సముద్రం, అయిదు వందల అరవై కిలోమీటర్లు!

ముప్పై తొమ్మిదేళ్లు చేపల వలల కర్మాగారంలో వలకున్న ఒక్కో కన్నూ కొలిచి చూసిన మనిషి. అచ్చులో ఉన్నంత మాత్రాన నమ్మే రకం కాదు. చేపల పడవలో ఆ ఒడ్డు చేరడానికి తన తండ్రికి రోజున్నర పట్టేది. యాభై ఏళ్లుగా ఉత్తరాల్లోనే ఎరిగిన స్నేహితురాలు ఇసోబెల్‌ను చూడడానికి, అరవై తొమ్మిదో ఏట మొదటిసారి విమానం ఎక్కుతోంది.

చక్రాలు నేల విడవగానే ఆమె గడియారం చూసి కాగితం మీద రాసుకుంది. పక్క సీటులోని స్వెర్రె సముద్రంలో చమురు తీసేచోట పనివాడు. ఊరుకోలేకపోయాడు.

“ఏం పెద్దమ్మా, పైలట్‌కి పరీక్ష పెడుతున్నావా?”

“పావుగంటలో దింపుతామని రాశారు బాబూ. చూద్దామని.”

అతను పగలబడి నవ్వాడు. “అక్కడి గడియారాలు మనకన్నా గంట వెనక నడుస్తాయి. నేల మీద నడిచేది కూడా కలిపితే అసలు పట్టేది గంటంబావు.”

“మరి తిరిగొచ్చేటప్పుడు?”

“గడియారం చూస్తే రెండు గంటల పైమాటే.”

ఆ మాత్రం తట్టనందుకు రాన్వైగ్‌కు సిగ్గేసింది. అయినా లెక్క మానలేదు. చక్రాలు నేల తాకేసరికి అరవై ఆరు నిమిషాలు.

ఇసోబెల్ ఫొటోల్లో కన్నా పొట్టిగా ఉంది. గట్టిగా వాటేసుకుని, “ఇంత దగ్గరుండి ఇన్నేళ్లూ రాలేదేమే?” అంది.

“నువ్వు మాత్రం వచ్చావేంటి?”

ఇద్దరూ ఆ నాలుగు రోజులూ వేయించిన చేపలు తింటూ, టీ తాగుతూ, ఉత్తరాల్లో రాయనివన్నీ చెప్పుకున్నారు.

తిరుగు ప్రయాణంలోనూ రాన్వైగ్ లెక్కపెట్టింది. యాభై నాలుగు నిమిషాలే! దూరం అదే, విమానం అలాంటిదే. మరి పన్నెండు నిమిషాలు ఎటు పోయాయి? అందరూ దిగేదాకా ఆగి, తలుపు దగ్గర నిలబడ్డ పైలట్ అమ్మాయిని అడిగేసింది.

“గాలి వల్లేనమ్మా. ఈ సముద్రం మీద ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది.”

“ఎప్పుడూ పన్నెండేనా తేడా?”

“రోజుకో రకం. చలికాలంలో ఇంకా ఎక్కువ రావచ్చు.”

ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా ఇసోబెల్‌కు ఫోన్ చేసింది.

“జనవరిలో ఖాళీయేనా నువ్వు?”

“జనవరిలోనా? పిచ్చిదానా, అప్పుడిక్కడ గాలికి మనుషులే ఎగిరిపోతారే!”

“అందుకేగా వస్తానంటున్నది,” అంది రాన్వైగ్, కొత్త కాగితం ముందుకు లాక్కుంటూ.