మబ్బులోనూ ఐదు చుక్కలే

నా కూతురికి చూపు పోతుందేమోనన్నదే నా భయం. దానికింకా ఏడేళ్ళు నిండలేదు.

పొద్దు వాలితే చాలు, గోడ పట్టుకుని మెట్లు దిగేది. పిరికిది అనుకున్నాను. కంటి డాక్టరు పరీక్ష చేసి, "ముందు చీకట్లో చూపు తగ్గుతుందమ్మా, తర్వాత పగలూ తగ్గుతుంది. వంశంలో వచ్చేది, మందు లేదు," అన్నాడు. ఎంత తొందరగా అనడిగితే, "కనిపెట్టి చూస్తూ ఉండండి," అన్నాడు.

ఎలా చూడాలి? నాకు తెలిసింది ఒక్కటే. ఎనిమిదో తరగతిలో సైన్సు టీచరు దక్షిణాన, కిందగా, ఓ చిన్న చుక్కల గుంపు చూపించింది. పిల్లలకోడి అంటామే, ఆ కృత్తికల్లాంటిదే ఇంకొకటి. అన్నీ ఒకే కాన్పులో పుట్టినట్టు పుట్టాయట. నక్షత్రాల లెక్కలో ఇంకా పసివేనట, మనకు దగ్గరేనట. దగ్గరంటే ఎంతో చెప్పేలోపు నన్ను బడి మాన్పించారు. మంచి కళ్ళకు అందులో ఐదారు కనిపిస్తాయి.

పిల్లని మేడమీదికి తీసుకెళ్ళాను. వేళ్ళు మడిచి, "మూడు," అంది. నా మొహం వాడిపోయిందేమో, దగ్గరికొచ్చి తడిమింది. మర్నాడు, "ఐదమ్మా!" అంది. ఆపైన రోజూ ఐదే. "ఆ డాక్టరే కళ్ళజోడు మార్చుకోవాలి," అని మా ఆయనతో ఎకసెక్కాలు కూడా ఆడాను.

మొన్న సాయంత్రం మబ్బు కమ్మింది. మేడమీద ఆరేసిన బట్టలు తీస్తుంటే పిల్ల నా కొంగు పట్టుకుని వెనకే వచ్చింది. నేను అడగకముందే దక్షిణంవైపు తిరిగి, "ఐదున్నాయమ్మా," అంది.

తలెత్తి చూశాను. ఒక్క చుక్కా లేదు.

"సరిగ్గా చూడవే."

"చూశాగా! ఐదే. నీకే కనబడట్లేదేమో."

"ఎందుకే అలా చెప్తావు?"

కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఐదంటే కిందికెళ్ళిపోవచ్చు కదా. ఇక్కడ నాకు భయం."

బట్టలతోపాటు దాన్నీ ఎత్తుకుని దిగాను. ఇక లెక్క అడగను. అడిగి చేసేదీ లేదు.

మా అక్కచెల్లెళ్ళ పిల్లలకూ రావచ్చన్నాడు డాక్టరు. చెల్లికి ఫోన్లో చెబితే, "నీ కూతురికొస్తే నా కూతురికీ రావాలా అక్కా? నీ నోట మంచిమాటే రాదా?" అని పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. ఇల్లు కూడా మారిందట.

మా చెల్లి బట్టలు కుడుతుంది. దారం పంటితో కొరుకుతుంది. నాలుగేళ్ళ కూతురుంది. మీ వీధిలో ఉంటే దీపాలు పెట్టే వేళకి ఒక్కసారి వెళ్ళండి. ఆ పిల్ల గడప ఎలా దాటుతుందో చూడండి. ఏం కనిపిస్తోందని మాత్రం దాన్ని అడక్కండి.