మద్దిగుండం చెలిమెలు

మల్లమ్మ పనిచేసేది గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీ ఆరో అంతస్తులో. పొద్దున ఏడింటికల్లా ఖాజాగూడ నుంచి షేర్ ఆటోలో వచ్చి, నీలంరంగు కోటు తొడుక్కుని, మీటింగు గదులు తుడిచి, బల్లల మీది కప్పులు తీసి, సాయంత్రం నాలుగింటికి దిగిపోయేది. ఆరేళ్లుగా అదే పని. గదుల్లో కూర్చున్నవాళ్లు ఆమె వచ్చిందని మాటలు ఆపేవారు కాదు. ఆమె కూడా చెవిన పెట్టేది కాదు. ఆ మాటల్లో ఆమెకు సంబంధించినవి ఎప్పుడూ ఉండేవి కావు.

ఆ బుధవారం మాత్రం చివరి గదిలో కప్పులు ట్రేలో సర్దుతుంటే టీం లీడరు మధుసూదన్ నోటివెంట "మద్దిగుండం" అన్న మాట వినిపించింది. మల్లమ్మ చెయ్యి ఆగిపోయింది.

మద్దిగుండం ఆమె పుట్టిన ఊరు. అచ్చంపేట దాటి, నల్లమల అంచున, రోజుకు రెండు బస్సులు పోయే చిన్న ఊరు. ఆ పేరు పలికిన మనిషి ఇన్నేళ్లలో హైదరాబాదులో ఆమెకు తారసపడలేదు.

తలెత్తి చూసింది. గోడమీది టీవీలో ఒక ఫొటో. ఒకదాని మీదికొకటి ఒరిగిన రెండు బండలు, మధ్యలో ఎద్దు పట్టేంత సందు. ఆ సందులోంచే ఆమె నాయన పశువులను గుట్టమీదికి తోలేవాడు. పక్కన తెల్లబోర్డు మీద ఎవరో గీసిన బొమ్మ ఉంది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు గానీ వాగు వంపు తెలిసింది, గుడి ఉన్నచోట గీసిన జెండా తెలిసింది. వాగుకు పైన నీలంరంగులో మూడు సున్నాలు చుట్టి ఉన్నాయి.

గుట్టమీద చెలిమెలు మూడే. బండల కింద ఊరే నీటిగుంటలవి. వాటి దారి ఊరివాళ్లకు తప్ప పైవాళ్లకు తెలియదు.

"ఎండాకాలంలో కూడా నీళ్లుండేది ఏదో కచ్చితంగా తెలియాలి. మిగతావన్నీ తర్వాత," అంటున్నాడు మధుసూదన్.

ఎదురుగా కూర్చున్న హరిత ల్యాప్‌టాప్‌లో రాసుకుంటోంది. నంద్యాల నుంచి వచ్చిన పిల్ల, ముప్పై ఏళ్లలోపు ఉంటుంది. కప్పు ఎత్తుతుంటే థాంక్స్ చెప్పేది ఆ అంతస్తులో ఆమె ఒక్కతే.

మల్లమ్మ ట్రే పట్టుకుని బయటికొచ్చింది. కొన్నేళ్ల కింద ఊళ్లోకి ఇట్లాగే నలుగురు వచ్చారు. అడవి చూడటానికి వచ్చామన్నారు. వాళ్ల వెనకే బోర్లు వేసే బండి వస్తుందని, భూమిలో ఏదో ఖనిజం ఉందట, ఊళ్లు లేపేస్తారట అని వార్త పాకింది. బండి రాలేదు. కానీ ఆ ఏడాదంతా ఆమె తమ్ముడు సాయిలు రాత్రనకా పగలనకా కాపలా కాశాడు.

భోజనాల వేళకు సాయిలుకు ఫోన్ చేసింది.

"తమ్మీ, గుట్టకాడికి ఎవరన్న కొత్తోళ్లు వచ్చిర్రా?"

"పోయిన నెల ఒకాయన వచ్చిండక్కా. కారుల వచ్చిండు. గుడి సూస్త అన్నడు. నీళ్లేడ దొరుకుతయని అడిగితే వీరలక్ష్మి అత్త చెలిమెలు సూపిచ్చింది. పాపం దాహమయ్యిందేమో అనుకున్నది. ఏమైంది?"

"ఏంలే. ఇగ ఎవరొచ్చినా సూపియ్యకుర్రి."

మరునాడు పొద్దున మల్లమ్మ ఆ గదిలోకి వెళ్లేసరికి బొమ్మ అట్లాగే ఉంది. దాని చుట్టూ ఎర్రగీతతో పెట్టె గీసి ఉంది. ఎర్రపెట్టె ఉంటే చెరపకూడదని సూపర్‌వైజరు రాజేందర్ పనిలో చేరిన మొదటిరోజే చెప్పాడు. ఆరేళ్లలో ఆమె ఒక్క ఎర్రపెట్టె కూడా ముట్టలేదు. కాసేపు నిలబడి చూసింది. తర్వాత తడిగుడ్డ తీసి మూడు సున్నాలూ, వాగూ, గుడీ మొత్తం తుడిచేసింది. బోర్డు మెరిసేదాకా తుడిచింది.

పది గంటలకు రాజేందర్ పిలిపించాడు.

"ఏంది మల్లమ్మా గిది? కొత్తగ వచ్చినవా? మధుసూదన్ సార్ మెయిల్ పెట్టిండు."

"సూసుకోలేదు సార్."

"ఆరేండ్ల సంది సూస్తున్నవు, ఇయ్యాల సూసుకోలేదా?"

అతనికి నమ్మకం కలగలేదు. ఆమె నమ్మించాలనీ చూడలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ప్యాంట్రీలో ఫ్లాస్కులు కడుగుతుంటే హరిత వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మల్లమ్మా, కంప్లైంట్ చేసేదానికి రాలేదు. నిన్న మీరు ఆ ఫొటో చూసి ఆగిపోయినారు. నేను గమనించినా. కావాలనే చెరిపినారు కదా?"

మల్లమ్మ కొళాయి కట్టేసింది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక ఎదురు ప్రశ్న వేసింది.

"మిమ్ములను మా గుట్టకు ఎవరు పంపుతున్నరు మేడం?"

"మీ గుట్టనా?" హరిత ఆశ్చర్యపోయింది. "ఎవరూ పంపడం లేదు. వచ్చేనెల సెలవులు కలిసొచ్చినాయి. అడవిలో రెండ్రోజులు నడుస్తాం, గుడారం వేసుకుంటాం, వచ్చేస్తాం. అంతే."

"తిరగనీకి పోయెటోళ్లకు చెలిమెల లెక్కెందుకు?"

"తాగేదానికి నీళ్లు కావాలి కదా."

"రెండు దినాలకైతే కారుల క్యాన్లు ఏసుకపోతరు. ఎండకాలంల ఏది ఎండుతది, ఏది ఎండది అని అడుగుతరా? మీరు పోయేది చలికాలంల గదా మేడం?"

హరిత మొహంలో నవ్వు తగ్గిపోవడం మల్లమ్మ చూసింది. అయినా ఈ పిల్ల కూడా నాటకమాడుతోందేమోనన్న అనుమానం ఆమెను వదల్లేదు. ఫ్లాస్కులు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

హరిత తన సీటుకు వెళ్లి ప్రయాణం వివరాలన్నీ ఉన్న షీటు తెరిచింది. బూట్లు, గుడారాలు, మందులు, ఎవరు ఏం తేవాలో తనే రాసింది. మధుసూదన్ రాసిన భాగాన్ని ఇప్పటిదాకా శ్రద్ధగా చదవలేదు. ఆయన ఏ పనైనా పద్ధతిగా చేస్తాడని నమ్మకం. ఇప్పుడు ఒక్కొక్క వరుసా చదివింది. చెలిమె నుంచి రోడ్డుకు దూరం. ఏప్రిల్‌లో నీటి మట్టం. జీపు దారి వెడల్పు. అడవి హద్దు పక్కనున్న పొలాలు ఎవరి పేరున ఉన్నాయి. సామాను జాబితా చివర డ్రోను.

పొలాలు ఎవరివైతే నడిచేవాళ్లకు ఏం పని?

ప్రయాణానికి వచ్చేవాళ్ల పేర్లలో అయిదుగురు టీంవాళ్లు. ఆరోవాడు శ్యామ్, మధుసూదన్ కాలేజీ స్నేహితుడు. హరిత అతన్ని ఎప్పుడూ చూడలేదు. ఫొటోలు పంపింది అతనే. ఆ తర్వాత ఆమెకు షీటుకు జతచేసి ఉన్న, అటవీశాఖకు ఇవ్వాల్సిన దరఖాస్తు కనిపించింది. ప్రకృతి అధ్యయనం కోసం అనుమతి కావాలని ఉంది. అడిగేవారు: హరిత. కింద సంతకానికి ఖాళీ వదిలారు.

లిఫ్టుల దగ్గర మధుసూదన్ ఒక్కడే దొరికాడు.

"సార్, శ్యామ్ గారు ఏం చేస్తారు?"

"బిజినెస్. ఎందుకు?"

"పొలాలు ఎవరివో మనకెందుకు సార్?"

మధుసూదన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అంత పెద్ద విషయమేం కాదు హరితా. వాళ్లు అడవి పక్కన క్యాంపు లాంటిది పెట్టాలనుకుంటున్నారు. కాటేజీలు, స్విమ్మింగ్ పూల్. సంవత్సరమంతా నీళ్లుంటేనే కుదురుతుంది. ఎట్లాగూ పోతున్నాం కదా, చూసొద్దామన్నాడు. చూస్తే ఎవరికి నష్టం?"

"నష్టం లేకపోతే దరఖాస్తు ఆయన పేరుతోనే పెట్టొచ్చు కదా?"

"వాడి పేరుతో పెడితే వంద ప్రశ్నలు వేస్తారు."

"నా పేరుతో పెడితే వెయ్యరా?"

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకుని మళ్లీ మూసుకున్నాయి. ఇద్దరూ ఎక్కలేదు.

"పాతికేళ్ల స్నేహితుడు హరితా," అన్నాడు చివరికి గొంతు తగ్గించి. "అడిగితే కాదనలేకపోయినా."

"నన్ను మాత్రం అడగకుండానే రాసినారు."

ఆమె దరఖాస్తుమీద సంతకం పెట్టలేదు. అదేరోజు టీం గ్రూపులో తాను రావడం లేదనీ, ఎందుకు రావడం లేదో కూడా రాసింది. సాయంత్రానికి మిగతా ముగ్గురూ తప్పుకున్నారు. మధుసూదన్ గ్రూపులోంచే వెళ్లిపోయాడు. తర్వాత కొన్ని వారాలు పని మాటలు తప్ప వాళ్ల మధ్య ఇంకో మాట లేదు.

ఎర్రపెట్టె చెరిపినందుకు రాజేందర్ మల్లమ్మను పార్కింగ్ అంతస్తుకు మార్చాడు. హరిత వెళ్లి తప్పు ఆమెది కాదని చెప్పింది. "రూల్ అంటే రూలే మేడం," అన్నాడతను. నెలరోజులు మల్లమ్మ పొగలో, దుమ్ములో కార్ల మధ్య ఊడ్చింది. రోజూ దిగేటప్పుడు హరిత ఆగి పలకరించేది. జరిగినదంతా ఒకరోజు చెప్పింది. మల్లమ్మ చీపురు ఆపకుండానే వింది.

"మీరు చెప్పేది నిజమే కావొచ్చు మేడం. గాని ఆ సార్ ఊకుంటడా?"

మధుసూదన్ ఊరుకున్నాడో లేదో గానీ శ్యామ్ ఊరుకోలేదు. రెండు వారాల తర్వాత సాయిలు ఫోన్ చేశాడు.

"అక్కా, నువ్వన్నట్టే అయ్యింది. అదే కారు. ఈసారి ఇద్దరొచ్చిర్రు. గుడికాడ అన్నదానం పెట్టిస్తం, వంటకు నీళ్లు ఏడికెల్లి తేవాలె, గుట్టమీదికి తొవ్వ సూపియ్యుర్రి అన్నరు."

"మీరేమన్నరు?"

"వీరలక్ష్మి అత్త ఇంట్లకెల్లి బిందెడు నీళ్లు తెచ్చి వాళ్ల ముంగట పెట్టింది. తాగుర్రి, కడుపునిండ తాగుర్రి, ఇంక కావాల్నంటె ఇంకో బిందె తెస్త అన్నది. ఊరంత సుట్టూ నిలబడ్డది. కారుల ఉన్న నక్షా సూసి సర్పంచు అడవి బీటు ఆఫీసరుకు ఫోన్ కొట్టిండు. ఆయన వచ్చి పేర్లు, కారు నంబరు రాసుకున్నడు. పొలాలు అమ్మేది లేదని ఊరోళ్లు మొకం మీదనే చెప్పిర్రు. ఇగ మళ్ల రాలే."

మల్లమ్మ పార్కింగ్ మెట్లమీద కూర్చుంది. సంతోషమో భయమో తెలియని ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

డిసెంబరులో హరిత, టీంలోని మరో ముగ్గురు నల్లమలకు వెళ్లనే వెళ్లారు. మద్దిగుండం వైపు కాదు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర పేర్లు రాయించి, అటవీశాఖ జీపులో తిరిగి, మర్నాడు వచ్చేశారు. అప్పటికి మల్లమ్మ మళ్లీ ఆరో అంతస్తుకు వచ్చింది. హరిత ఫోన్ ఇచ్చి ఫొటోలు చూడమంది. మల్లమ్మ ప్యాంట్రీలో స్టూలుమీద కూర్చుని ఒక్కొక్కటీ చూసింది. మనుషుల మొహాలు చూడలేదు. వెనక ఉన్న చెట్లు, దారులు, బండలు చూసింది. అన్నీ అయ్యాక మళ్లీ మొదటినుంచి చూసింది.

"ఇంకేమన్న ఉన్నయా మేడం?"

"లేవు మల్లమ్మా. అన్నీ ఇవే."

"తుడిపేసినవి?"

హరితకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. తొలగించిన ఫొటోలుండే చోటు కూడా తెరిచి చూపించింది. రెండు వంకర ఫొటోలు, కెమెరాకు వేలు అడ్డం పడిన ఫొటో ఒకటి.

మల్లమ్మ ఫోన్ తిరిగిచ్చింది. రెండు కప్పుల్లో టీ పోసి ఒకటి హరిత ముందు పెట్టింది.

"ఎండకాలం నేను ఊరికి పోత. చెలిమె సూడాలనుంటె నాతోటి రాండ్రి. నీళ్లు సల్లగుంటయి. గాని ఫోన్ ఈడనే పెట్టి రావాలె."

"పెట్టి వస్తా," అంది హరిత. "ఎప్పుడు పోదాం?"

మల్లమ్మ తన టీ తాగేసి కప్పు కడిగి పెట్టింది.

"సూద్దాం," అంది.