మగది లేని సీసా

“చేతులు సరిగ్గా కడుక్కున్నావా?” అని అడిగాక గానీ మా ఆయన నేను వడ్డించిన కంచంలో చెయ్యి పెట్టడు. నా చేతులు స్పిరిట్ వాసన వేస్తాయి. మ్యూజియంలో పీతల గది నాది. సీసాల్లో స్పిరిట్ తగ్గితే పోయడం, కొత్తగా వచ్చిన పీతలను జాతుల వారీగా వేరు చేయడం నా పని. ఆయన మాత్రం స్నేహితులకు “మా ఆవిడ పీతలు కడుగుతుంది” అని చెబుతాడు. వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వి టీ తెస్తాను.

పీతల మీద పరిశోధన మొదలుపెట్టిన ఏడాదికే నాకు పెళ్లయింది. ఆయన బదిలీలతో ఆ కాగితాలు ఊళ్లు తిరిగి తిరిగి చివరికి అటకెక్కాయి. మంచినీటి పీత అలా తిరగదు. సముద్రపు పీత పిల్లలు గుడ్డులోంచి రాగానే నీళ్లలో కొట్టుకుపోయి ఎక్కడో తేలతాయి. మంచినీటి పీత గుడ్డులోంచి నేరుగా పీతపిల్లే వస్తుంది. తల్లి దాన్ని పొట్ట కింద మోసి, కాస్త ఎదిగాక తన వాగులోనే దింపుతుంది. అందుకే ఒక కొండ వాగులో పీతకు పక్క కొండ తెలియదు. మరి ఒకే వంశానివి సముద్రానికి రెండు వైపులా ఎలా ఉన్నాయి? భూమి విడిపోయినప్పుడు చెరో ముక్క మీద మిగిలాయని కొందరంటారు. తర్వాతెప్పుడో సముద్రం దాటాయని కొందరంటారు. ఇంకా తేలలేదు.

ఒకసారి కొత్తగా వచ్చిన ఒక సీసాలో ఆరు పీతలున్నాయి. ఎవరో కొండ వాగులో పట్టి పంపినవి. డిప్ప అంచు, కాళ్ల చదును, నోటి దగ్గరి పలకలు చూశాను. మన వైపు వేటితోనూ కలవలేదు. సముద్రం అవతలి వాటితో కలిశాయి. మళ్లీ మళ్లీ చూసుకుని, మా విభాగం పెద్ద అయిన సర్ దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన సీసా పైకెత్తి, “అన్నీ ఆడవేగా” అన్నారు.

పీత ఏ జాతిదో తేల్చేది మగదాన్ని బట్టి. దాని పొట్ట మడత కింద, జత కట్టడానికి వాడే చిన్న కాడలుంటాయి. వాటి కొన ఆకారం చూసి పేరు పెడతారు. అది నిబంధన కాదు, అలవాటు. ఆ అలవాటు వల్లే పుస్తకాల్లో బొమ్మలు దాదాపు అన్నీ మగవాటివి. ఆడదాన్ని, దానితో పాటు దొరికిన మగదాని పేరులో కలిపేస్తారు.

“ఆడవాటిలోనూ తేడాలుంటాయి కద సర్. నేను బొమ్మలు గీస్తాను” అన్నాను.

“గియ్యమ్మా, ఎవరొద్దన్నారు? వేటితో పోలుస్తావు? మగదాన్ని పట్టుకురా. పేరు నువ్వే పెడుదువుగాని.”

పీతలు బయటికొచ్చేది తొలివానలకు. ఆ కొండ వాగుకు రెండు రోజులు వెళ్లొస్తానని ఇంట్లో అడిగాను. “పీత కోసం ఇల్లొదిలి పోతావా? అదేమైనా నీ మేనమామ కూతురా?” అన్నాడు ఆయన. అత్తయ్య మోకాళ్లు చూపించింది. “రెండ్రోజులు నేను పొయ్యి ముందు నిలబడితే, ఆ తర్వాత నన్ను మోసుకెళ్లడమే.” ఆయన నిలబడొచ్చన్న మాట ఎవరి నోటా రాలేదు, నా నోట కూడా. వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆ ఏడు వచ్చేసరికి మా పాపకు పరీక్షలు. ఆ పై ఏడు నేను అడగలేదు. వండి, మూతలు పెట్టి, చెప్పి బయల్దేరాను.

బస్సు దిగి నడిచాను. కొండకు ఒక పక్క లేదు. క్రషర్ నడుస్తోంది. వాగు ఉండాల్సిన చోట కంకర గుట్టలున్నాయి. రాళ్లు మోస్తున్న ఆమెను అడిగితే, “పీతలా? నీళ్లుంటే కదమ్మా” అంది. గుట్టల మధ్య మిగిలిన తడిలో రాళ్లు ఎత్తి ఎత్తి చూశాను. తడిసి ఇంటికొస్తే మా ఆయన తలుపు తీసి, “దొరికాడా పెళ్లికొడుకు?” అన్నాడు.

కిందటి నెల మ్యూజియంలో అరలు ఖాళీ చేయమన్నారు. “పేరు లేని సీసాలు పారబోసెయ్యమ్మా. స్పిరిట్ దండగ” అన్నారు సర్. ఒక్కొక్కటే తీసి పారబోశాను. ఆ ఆరు పీతల సీసాను మాత్రం బట్టలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. అక్కడ ఉంటే వాటికి పేరు రాదు. ఇంటికి తెచ్చినా రాదు. వంటగదిలో, ఉప్పు డబ్బా పక్కన పెట్టాను.

అత్తయ్య చూసింది. అరుస్తుందనుకున్నాను. కళ్లద్దాలు పెట్టుకుని వంగింది.

“ఏ ఊరివే ఇవి?”

“ఆ వాగు ఇప్పుడు లేదత్తయ్యా. వీటి మగవీ లేవు.”

ఆవిడ సీసాను చేతిలో తిప్పి చూసింది. తన పుట్టింటి ఊరి పేరు ఆవిడ నోట నేను ఏనాడూ వినలేదు. ఆ రోజూ వినలేదు. సీసాను గోడ వైపు నెట్టి, ఉప్పు డబ్బాను దానికి అడ్డంగా జరిపింది.

“మూత గట్టిగా బిగించు” అంది. “వాడొచ్చేలోగా చేతులు కడుక్కో.”